మా ఇంటి దస్తావేజులో దొరికిన అవ్వ

సంపాదకులు గారికి నమస్కారం.

మాది కందుకూరు. తపాలా శాఖలో 36 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. పాత ఇళ్లు కూలిపోతున్నాయని మీ పత్రికలో అప్పుడప్పుడు ఫొటోలు వేస్తుంటారు. కింద 'ఫలానా వారి పూర్వీకులు కట్టించిన నూరేళ్ల నాటి ఇల్లు' అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం కనపడితే ఇప్పుడు నాకు మనసు ఊరుకోవడం లేదు. మా ఇంటి గురించి మేమూ అదే చెప్పుకుంటూ వచ్చాం. అది నిజం కాదు. నిజం రిజిస్ట్రారు ఆఫీసు పుస్తకాల్లో ఉంది, మేమే ఎన్నడూ తీసి చూడలేదు. ఉత్తరం కాస్త పెద్దదే అయింది. కుటుంబంలో ఇంకా సంతకాలు కావలసినవి ఉన్నాయి కాబట్టి ఎవరి పేర్లూ రాయడం లేదు. ఓపికగా చదివి, వీలైతే వేయండి.

మా ఇల్లు పాత ఊళ్లో ఉంది. ఐదంకణాల పెంకుటిల్లు. ముందు వసారా, వసారాకు కుడి పక్కన ఒక చిన్న గది, లోపల పెద్ద గది, వంటిల్లు, వెనక దొడ్లో చేదబావి. వీధి గుమ్మం పైన ద్వారబంధానికి రెండు తామరపూల మధ్య 'శ్రీరామ – ఆంగీరస' అని ఉలితో చెక్కి ఉంది. ఆంగీరస అంటే 1932. ఉగాదికి ఆ గుమ్మానికి పసుపు రాస్తూ మా అమ్మ "ఇది మీ ముత్తాత కట్టించిన ఇల్లు" అని మాకు చెప్పేది. అమ్మకు ఆ మాట మా నాయనమ్మ చెప్పింది. మేం మా పిల్లలకు చెప్పాం.

ఇంట్లో ఒక అవ్వ ఉండేదని కూడా చెప్పేవాళ్లు. మా ముత్తాతకు అక్క. చిన్నప్పుడే భర్త పోతే పుట్టింటికి వచ్చిందట, చివరిదాకా ఆ చిన్న గదిలోనే ఉందట, 'మనవాళ్లే సాకారు' అట. అంతే. ఆమె పేరేమిటని అడిగితే మా నాయన కాసేపు ఆలోచించి, "అవ్వ అనేవాళ్లంలే" అన్నాడు.

పోయిన ఏడాది మా తమ్ముడూ, మా పెదనాయన కొడుకూ కలిసి ఇంటిని అపార్ట్‌మెంటు కట్టడానికి డెవలప్‌మెంటుకు ఇవ్వాలనుకున్నారు. బిల్డరుకు లోనిచ్చే బ్యాంకు తరఫు లాయరు లింకు డాక్యుమెంట్లు అడిగాడు. మా దగ్గర ఉన్నవల్లా 1974 నాటి పంపకాల దస్తావేజు, ఇంటి పన్ను రశీదులు, నాయన పోయాక 2004లో నా వాటా వదులుకుంటూ నేను తమ్ముడికి రాసిచ్చిన రిలీజ్ డీడు. ఇల్లు మాకు ఎలా వచ్చిందో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టీ, తీస్తే 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి కావాలంటే రిజిస్ట్రారు ఆఫీసులో పాత ఇండెక్సులు చేత్తో వెతికించుకోవాలి. తమ్ముడికి వ్యాపారం, పెదనాయన కొడుకు ఉండేది హైదరాబాదులో. రిటైరై ఖాళీగా ఉన్నాను కదా అని ఆ పని నా మీద పడింది.

నాలుగుసార్లు వెళ్లాను. అక్కడి ఉద్యోగులు విసుక్కోకుండా వెతికిపెట్టారు, ముందు ఆ మాట చెప్పాలి. మనుషుల పేర్లకు ఒక ఇండెక్సు, ఆస్తులకు ఒక ఇండెక్సు ఉంటాయి. పేరు దొరికితే పక్కన దస్తావేజు నంబరు, వాల్యూం, పేజీ ఉంటాయి. ఆ వాల్యూమును ఒకటో పుస్తకం అంటారు. స్థిరాస్తి దస్తావేజులన్నీ అందులోకి ఎక్కుతాయి. 1998 నవంబరులో కంప్యూటర్ రిజిస్ట్రేషన్లు వచ్చాయి. అంతకు ముందు మనం తెచ్చిన ప్రతి దస్తావేజునూ ఒక గుమాస్తా కూర్చుని ఆ పుస్తకంలోకి అక్షరం పొల్లుపోకుండా చేత్తో ఎత్తిరాసేవాడు. మన ఇంట్లో అసలు కాగితం చెదలు తిన్నా, బీరువాతో సహా పోయినా, అక్కడ ఆ నకలు ఉంటుంది. నేను చూసిన వాల్యూం రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువుంది. పేజీల అంచులు అప్పడంలా విరుగుతున్నాయి. ఆ ఉద్యోగి ఒక ప్లాస్టిక్ స్కేలు పేజీ కిందికి మెల్లగా దూర్చి, రెండో చెయ్యి పైన ఆనించి, పసిబిడ్డను పక్క మార్చినట్టు తిప్పాడు. అయినా ఒక మూల విరిగి బల్ల మీద పడింది. అందులో రెండు అక్షరాలు ఉన్నాయి. ఎవరి ఇంటివో.

మా తాత పేరు మీద వెతికితే 1958లో ఒక తనఖా దొరికింది. అందులో 'మాకు 1946లో సంక్రమించిన' అని ముందు దస్తావేజు నంబరు ఉంది. ఆ 1946 దస్తావేజులో 1931 నంబరు ఉంది. ఒకదాని కొంగు పట్టుకుంటే రెండోది బయటికొచ్చింది. ఫీజులు కట్టి మూడింటికీ నకళ్లు తీసుకుని, ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను.

1931 దస్తావేజు ఇల్లు కొన్నప్పటిది. నెల్లూరు జిల్లా, కందుకూరు తాలూకా అని మొదలవుతుంది. (మా ఇల్లు ఉన్నచోటే ఉంది గానీ దాని జిల్లా కదులుతూనే ఉంది. 1931, 1946 కాగితాల్లో మద్రాసు రాజధాని, నెల్లూరు జిల్లా. 1958లో ఆంధ్రప్రదేశ్, నెల్లూరు జిల్లా. 1970లో కొత్త జిల్లా ఏర్పడ్డాక 1974 కాగితంలో ప్రకాశం. 2022లో మళ్లీ నెల్లూరు.) అమ్మినది ఒక వ్యాపారి, అప్పులు తీర్చడానికి. ధర 640 రూపాయలు. కొన్నవాళ్ల పేరు దగ్గర మా ముత్తాత పేరు ఉంటుందని చూశాను. లేదు. ఒక ఆడమనిషి పేరు ఉంది. ఆ పేరు మా ఇంట్లో నేను ఎప్పుడూ వినలేదు. పేరు తర్వాత ఫలానా వారి విధవ, ఆ తర్వాత 'కందుకూరు కాపురం, పూటకూళ్ల వలన జీవనము' అని ఉంది.

పూటకూళ్లు అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. ఊరికి పని మీద వచ్చినవాళ్లకు పూటకింత తీసుకుని ఇంట్లో వండి భోజనం పెట్టడం. కందుకూరు అప్పటికే తాలూకా కేంద్రం. కచేరీ పనుల మీద పల్లెల నుంచి వచ్చి రెండు మూడు రోజులు ఉండిపోయేవాళ్లకు అన్నం దొరికేది ఇలాంటి ఇళ్లలోనే. అలా పొయ్యి దగ్గర కూర్చుని కూడబెట్టిన డబ్బు 640 రూపాయలు. 200 ముందే బయానా ఇచ్చినట్టు, మిగతా 440 రిజిస్ట్రారు ఎదుట రొక్కం లెక్కపెట్టి ఇచ్చినట్టు దస్తావేజు చివర రాసి ఉంది. ఆర్థిక మాంద్యం రోజులవి. పంటలకు ధరల్లేక రైతులు పొలాలు తెగనమ్ముకుంటున్న కాలం. ఆ కాలంలో ఒక విధవరాలు రొక్కం పెట్టి ఇల్లు కొనింది.

ఆ దస్తావేజులో ఇంటితో పాటు 'నిధి నిక్షేప జల తరు పాషాణ' అని మొదలయ్యే వరస ఉంది. పాత కాగితాలు చూసినవాళ్లకు తెలుసు, అష్టభోగాలు అంటారు. భూమిలో ఉన్న నిధి, దాచిన సొమ్ము, నీళ్లు, చెట్లు, రాళ్లు, ఇప్పుడు వచ్చేవి, ముందు రాబోయేవి, అన్నీ కొన్నవాళ్లవే. 'పుత్ర పౌత్ర పారంపర్యముగా, ఆచంద్రార్కముగా అనుభవించగలవారు.' పిల్లల్లేని ఆమెకు కూడా అదే మాట రాశారు. నేను ఆ వరస నాలుగైదుసార్లు చదువుకున్నాను. పూటకూళ్లమ్మకు ఆ మాటలన్నీ చట్టప్రకారం దక్కాయని నాకు అంత సంతోషం వేసింది.

హద్దులు కూడా రాస్తాను. తూర్పు రాజబాట, దక్షిణం కంసాలి వారి దొడ్డిగోడ, పడమర చింతచెట్టు, ఉత్తరం నడక సందు. ఇంటి నంబరు లేదు. ఇప్పుడు కంసాలి వారూ లేరు, చింతచెట్టూ లేదు. ఆ సందు మాత్రం ఉంది, మా చిన్నప్పుడు బడికి అందులో నుంచే పోయేవాళ్లం.

ఇక 1946 దస్తావేజు. నన్ను కూర్చోనివ్వనిది అదే. అది దాన దస్తావేజు. రాయించి ఇచ్చింది ఆ అవ్వ, వయసు సుమారు 65 అని వేశారు. పుచ్చుకున్నది మా తాత, అంటే ఆమె మేనల్లుడు. 'నా తమ్ముడు కాలయుక్తి సంవత్సరములో జ్వరమునకు గతించినందున, పసివాడైన నిన్ను నేనే పెంచి పెద్ద చేసి' అని ఉంది. కాలయుక్తి అంటే 1918. ఇన్‌ఫ్లుయెంజా దేశమంతా మనుషులను ఊడ్చుకుపోయిన సంవత్సరం. మా ముత్తాత అప్పుడే పోయాడు. ఇల్లు కొన్నది 1931లో. గుమ్మం మీద ఆంగీరస అని చెక్కింది 1932లో. మేము ఇన్నేళ్లుగా ఇల్లు కట్టించాడని చెప్పుకున్న మనిషి, ఆ ఇల్లు కొనేనాటికి పోయి పదమూడేళ్లు. కొన్న మరుసటి ఏడు పాత ఇంటికి కొత్త ద్వారబంధం ఎత్తించింది ఆమే.

'ఇది నా స్వకష్టార్జితము, ఇందు నా పుట్టింటివారికి గాని అత్తింటివారికి గాని ఏ విధమైన హక్కు లేదు' అని ఆమె స్పష్టంగా రాయించింది. అన్నీ ఇచ్చేస్తూ ఒక్కటి ఉంచుకుంది. వసారాకు కుడి పక్కన ఉన్న గది ఆమె జీవితాంతం ఆమె స్వాధీనంలో ఉండాలి. 'సదరు గదికి వెలుపల గొళ్ళెము గాని తాళము గాని వేయు హక్కు ఎవరికిని లేదు.' చివర నిశాని. ఆమెకు చదువు రాదు. ఆ వాక్యం మాత్రం ఆమె చెప్పి రాయించిందే, దస్తూరి రాసేవాడికి తనంతట తోచే మాట కాదది.

ఆ కాగితం పట్టుకుని పొదిలి వెళ్లాను. మా నాయన చెల్లెళ్లు ముగ్గురిలో పెద్దామె అక్కడే ఉంది. 85 దాటాయి. మంచంలో కూర్చోబెట్టి చదివి వినిపించాను. పేరు చదవగానే, "ఆ, అదే అవ్వ పేరు" అంది. ఎప్పుడూ చెప్పలేదేమత్తా అంటే, "ఎవురడిగారు?" అంది. గది సంగతి చదివినప్పుడు నన్ను ఆపింది. "మేయ్, ఆ గది తలుపుకు గడియ లోపలే ఉండేది. బయట ఏమీ ఉండేది కాదు. చిన్నప్పుడు మేం దొంగాట ఆడుకుంటూ అవ్వను లోపల పెట్టి గొళ్ళెం పెడదామంటే పెట్టను లేదు. అన్ని తలుపులకూ ఉంది, దీనికెందుకు లేదని నాయన్ను అడిగాను. ఊరుకోమన్నాడు" అంది.

నేను ఆ రోజే కందుకూరు వచ్చి చూశాను. అది ఇప్పుడు మా తమ్ముడి వాటాలో ఉంది, పాత సామాన్లు వేస్తారు. తలుపు మారలేదు. లోపల నా చిటికెన వేలంత ఇనుప గడియ, అరిగి నున్నగా ఉంది. బయటివైపు చేత్తో తడిమాను. మేకు రంధ్రం కూడా లేదు. బయట నుంచి దానికి ఎవరూ ఎప్పుడూ ఏమీ బిగించలేదు. నేను పుట్టి పెరిగిన ఇల్లు అది. వేలసార్లు ఆ తలుపు తోసుకుని పోయాను.

ఆమె పేరు ఎందుకు పోయిందో మా అత్త చెప్పింది. తాత చేతికి నాలుగు డబ్బులొచ్చాక, మంచి సంబంధాలు వెతకడం మొదలుపెట్టాక, పూటకూళ్ల ఇల్లు అనిపించుకోవడం నామోషీ అయింది. 'మా నాయన కట్టించాడు' అని తాతే చెప్పడం మొదలుపెట్టాడట. ఆయన్ను పెంచింది ఆమె, ఇల్లిచ్చింది ఆమె. ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది. మా తాత చెడ్డవాడు కాదు. నన్ను భుజం మీద ఎక్కించుకుని అంకమ్మ తిరునాళ్లకు తీసుకుపోయాడు. కానీ జరిగింది ఇదే.

ఇందులో ఇంకొక అన్యాయం ఉంది, నేను రాయాలనుకున్నది ముఖ్యంగా అది. తాత 1969లో పోయాడు. వీలునామా లేదు. నాయనమ్మ అంతకు ముందే పోయింది. 1974లో మా పెదనాయనా, నాయనా ఇల్లు రెండుగా పంచుకున్నారు. పెద్ద గది మధ్యలో గోడ లేచింది. బావి ఉమ్మడి అని రాసుకున్నారు గానీ గోడ బావి ఒర దాకా వచ్చి ఆగింది, గిలక ఆ పక్క ఒకటి, ఈ పక్క ఒకటి. దస్తావేజులో ఇల్లు 'పిత్రార్జితము' అని రాశారు. చెల్లెళ్ల ప్రస్తావన ఒక్క వరస కూడా లేదు.

1985 సెప్టెంబరు నుంచి అమలయ్యేలా ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు ఇచ్చింది. అప్పుడు మా రెండో మేనత్త వచ్చి అడిగింది. నాకు బాగా గుర్తుంది, వసారాలో నిలబడే అడిగింది, కూర్చోలేదు. అప్పటికే పెళ్లయిన వాళ్లకు ఆ చట్టం వర్తించదని చెప్పారు. ఆ మాట నిజమే, ఆ సవరణలో అలాగే ఉంది. దాంతో పాటు "మీ అక్క పెళ్లికే ఇల్లు తాకట్టు పెట్టాం, ఇంకేం వాటా" అని కూడా అన్నారు. ఆమె తిరిగి వెళ్లిపోయింది. మళ్లీ మా గడప తొక్కలేదు. 2011లో పోయింది.

ఇప్పుడు కాగితాలు ఏం చెబుతున్నాయో చూడండి. తాకట్టు 1958లో. పెద్దత్త పెళ్లి 1956లో. తనఖా దస్తావేజులో 1,500 రూపాయలు ఎందుకు తీసుకున్నారో రాసే ఉంది, 'పొలములో బావి లోతు తీయుటకు, ఆయిలింజను కొనుటకు' అని. 1963లో తీర్చేసి చెల్లు వేయించుకున్నారు. పెళ్లి ఊసే లేదు. ఆ నింద మా ముగ్గురు అత్తలూ ముప్ఫై ఏళ్లు మోశారు.

అంతకన్నా పెద్దది ఇంకోటి. బ్యాంకు లాయరుకు 1946 దస్తావేజు చూపించగానే ఆయన తల పట్టుకున్నాడు. ఇల్లు ముత్తాత నుంచి వచ్చింది కాదు, తాతకు ఆయన మేనత్త దానంగా ఇచ్చింది. కాబట్టి అది మా తాతకు సొంత ఆస్తి. ఉమ్మడి కుటుంబ ఆస్తి కానే కాదు. 1985 సవరణతో దానికి పనే లేదు. 1956 వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా పోయిన మనిషి సొంత ఆస్తి కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా వస్తుంది. అంటే 1969లో తాత కన్నుమూసిన రోజునే ఐదు వాటాలు పడ్డాయి. నివాసముండే ఇంట్లో మగవాళ్లు పంచుకుందామనేదాకా ఆడవాళ్లు పంపకం అడగకూడదని ఆ చట్టంలో ఒక నిబంధన ఉండేది, 2005లో తీసేశారు. అయితే ఇక్కడ మగవాళ్లు 1974లోనే పంచుకున్నారు కదా, ఆ అడ్డమూ అప్పుడే పోయింది. మా అత్తలు అడుక్కోవలసిన పని లేదు. వాటా వాళ్లదే. మేనత్త ఇచ్చిన ఇల్లు మేనత్తలకు లేకుండా పోయింది.

నేను కూడా 2004లో రిలీజ్ డీడు మీద సంతకం పెట్టాను. డాక్యుమెంటు రైటరు గబగబా చదివాడు, నేను సరేనన్నాను. మా తమ్ముడు నన్ను మోసం చేశాడని అనను, నేను ఇష్టపడే ఇచ్చాను. కానీ ఏది ఇస్తున్నానో, అది ఎవరి నుంచి వచ్చిందో తెలిసి ఇవ్వలేదు. 36 ఏళ్లు ఊళ్లోవాళ్ల మనియార్డరు ఫారాలు, సేవింగ్స్ పుస్తకాలు చదివి చెప్పిన మనిషిని, నా కాగితం నేను చదువుకోలేదు.

ఇదంతా తమ్ముడికి చెప్పినప్పుడు మొదట కోపం వచ్చింది. "ఇప్పుడివన్నీ తవ్వడం ఎందుకక్కా, లింకు కాగితాలు తెమ్మంటే నువ్వు లింకే తెంపేశావు" అన్నాడు. వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు తనే నకలు తీసుకుని చదివాడు. చదివి, ఆ గదిలో సామాన్లు తీయించాడు. పొదిలి వెళ్లి అత్తను చూసి వచ్చాడు. పోయిన ఇద్దరు అత్తల పిల్లలకు కూడా వాటా రాసిద్దామని ఒప్పుకున్నాడు. పెదనాయన కొడుకు లాయర్లతో మాట్లాడి చెబుతానన్నాడు, ఇంకా చెప్పలేదు.

ఇక నేను మీ పత్రిక ద్వారా అడగదలచింది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఒకటో పుస్తకాన్ని, దాని ఇండెక్సులను ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు అడగవచ్చు. హక్కు ఉంది గానీ పుస్తకమే విరిగిపోతుంటే ఏం చూస్తాం? తప్పు ఫలానా ఆఫీసుదని నేను అనడం లేదు, కాగితానికి వయసు మీద పడింది. తిప్పిన ప్రతిసారీ కాస్త పోతుంది. ఆ 1983 ముందరి చేతిరాత వాల్యూములను పాతవాటి నుంచి మొదలుపెట్టి స్కాన్ చేయించమని రిజిస్ట్రేషన్ శాఖను కోరుతున్నాను. పాత కాగితాలు చేత్తో తిప్పడం తెలిసిన మనుషులతో చేయించాలి, హడావిడిగా కాంట్రాక్టుకు ఇచ్చి బైండింగులు విరిచి కాదు. ఇండెక్సుల్లో ఇంటి నంబర్లు ఉండవు కాబట్టి పేర్లతో, వీధులతో వెతుక్కునేలా ఉంటే ఊళ్ల నుంచి వచ్చే ముసలివాళ్లకు నాలుగు తిరుగుళ్లు తప్పుతాయి. రాజులకు, జమీందార్లకు శాసనాలు, గెజిటీర్లు ఉన్నాయి. పూటకూళ్లమ్మ ఎలా బతికిందో రాసి పెట్టింది ఆ గుమాస్తా ఎత్తిరాసిన పుస్తకం ఒక్కటే.

మీ పత్రికకు కూడా ఒక మనవి. ఈసారి పాత ఇంటి ఫొటో వేసేటప్పుడు 'పూర్వీకులు కట్టించారు' అని ఇంటివాళ్లు చెప్పినదే రాయకుండా, దస్తావేజులో ఎవరి పేరుందని అడిగించండి. మన వైపు ఇళ్లలో ఆడవాళ్ల నగలమ్మి కొన్నవి, పాడి అమ్మి కొన్నవి, పసుపు కుంకుమ కింద వచ్చినవి ఎన్నో ఉంటాయి. డాక్యుమెంటు రైటర్లకు, లాయర్లకు ఒక మాట. ఆడపిల్లల చేత రిలీజ్ డీడు మీద సంతకం పెట్టించేముందు ఆ ఇల్లు ఎవరి నుంచి వచ్చిందో చదివి చెప్పండి. పది నిమిషాల పని.

అపార్ట్‌మెంటుకు మా ముత్తాత పేరు పెట్టాలని పోయిన ఏడాదే అనుకున్నారు, బోర్డు డిజైను కూడా ఫోన్‌లో పంపించారు. ఆ బోర్డు మీద అవ్వ పేరు ఉండాలని నేను పట్టుబట్టాను. ద్వారబంధాన్ని, ఆ గది తలుపును గడియతో సహా విప్పి మా ఇంటికి తెచ్చుకుంటానని చెప్పాను. తలుపుకు తమ్ముడు ఒప్పుకున్నాడు. పేరు సంగతి హైదరాబాదు నుంచి ఇంకా జవాబు రాలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తపాలా ఉద్యోగిని,
కందుకూరు